ఎనిమిది నెలల క్రిస్టల్

"అలా రెండు వేళ్లతో పట్టుకుంటారేంటండీ! పడేశారంటే మిమ్మల్నే కొలిమిలో పెడతాను."

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. చూస్తే వేరుశనగ గింజంత నల్లటి క్రిస్టల్. కొలిమి దగ్గర ఎనిమిది నెలలు కాపలా కాసి పెంచింది. కొరియర్‌ని నమ్మలేక డబ్బా ఒళ్లో పెట్టుకుని తనే మా ల్యాబ్‌కి తెచ్చింది. దాన్ని న్యూట్రాన్ల ధారలో నిలబెట్టే పని నాది.

ఆమె నాకు అక్కడికక్కడే నచ్చేసింది, దాచడమెందుకు?

ఆ క్రిస్టల్లో పరమాణువులన్నీ బుల్లి అయస్కాంతాలు. బాగా చల్లబరిస్తే పక్కపక్కవి ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి వరస కడతాయి. బయటికి ఏమీ తెలియదు గానీ న్యూట్రాన్లు పసిగట్టేస్తాయి, తెర మీది గ్రాఫ్‌లో కొత్త శిఖరం లేస్తుంది. ఆమె థీసిస్ అంతా ఆ శిఖరం మీదే ఉంది. న్యూట్రాన్ల ధార మాకిచ్చింది మూడు రోజులు.

రెండు రోజులు పక్కపక్కనే కూర్చుని తెరకేసి చూశాం. ఎంతసేపూ పొగమంచులా గజిబిజే.

"మీ న్యూట్రాన్లకి కళ్లజోడు పెట్టించండి," అనేది. నవ్వేది గానీ గొంతులో బెంగ తెలిసిపోయేది.

మూడో రోజు పొద్దున నా గైడ్ వచ్చి తేల్చేశారు. "క్రిస్టల్ బాగాలేదమ్మా. మళ్లీ పెంచుకో."

ఆమె తల వంచుకుని బ్యాగ్ సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు తట్టింది నాకు. క్రిస్టల్ కడ్డీ మీంచి ఊడిపోతుందేమోనని జిగురు దండిగా పూసింది నేనే. జిగురులోని హైడ్రోజన్ న్యూట్రాన్లను నలువైపులా చెదరగొడుతుంది, సన్నటి శిఖరం అందులో మునిగిపోతుంది. చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"సార్, తప్పు క్రిస్టల్‌ది కాదు, నాది. జిగురు ఎక్కువ పూశాను."

ఆయన పెట్టాల్సిన చివాట్లన్నీ పెట్టి, "సాయంత్రం ఆరింటిదాకా టైముంది, మళ్లీ బిగించండి," అన్నారు. ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆమె తిడుతుందనుకున్నాను. "జరగండి," అని మాత్రం అంది. జిగురంతా ఓపిగ్గా తుడిచి, సన్నటి అల్యూమినియం తీగతో కట్టింది.

నాలుగున్నరకు శిఖరం లేచింది. "ఎంత చక్కటి క్రిస్టలమ్మా!" అంటూ గైడ్ ఆమెకు చేయి కలిపి వెళ్లారు.

"ఎందుకు చెప్పారు?" అని అడిగింది, ఆయన వెళ్లాక.

"మీరు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"నేనేం ఏడవలేదు."

"ఏడవబోయారు."

"అవును," అంది మెల్లగా. "థాంక్సండీ."

"బాగుంది! మీ ప్రయోగాన్ని పాడుచేయబోతే నాకు థాంక్సా? తిట్టనందుకు నేను చెప్పాలి."

ఆమె కాసేపు నన్నే చూసి, ఫోన్ తీసింది. "అమ్మా, ఎలాంటివాడు కావాలే అని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నావుగా? తప్పు చేస్తే తనంతట తనే ఒప్పుకునేవాడు కావాలి. ఒకడు కనబడ్డాడు."

అవతలి కేక నాకూ వినబడింది. "ఒప్పుకున్నాడా! ఏదీ, ఫోనివ్వు!"

ఫోన్ నా చేతికొచ్చింది. బుర్ర పనిచేయలేదు. "నమస్కారం అత్తయ్యా," అనేశాను.

ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

"బాబూ," అందావిడ, "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"లేదండీ," అన్నాను.