లేని పిల్ల కోసం

మంగళవారం పొద్దున దశరథరామయ్య ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు అన్నం క్యారియర్ స్కూటర్‌కు తగిలించుకొని బయలుదేరాడు. మార్కాపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ఇరవై మూడేళ్లుగా గుమాస్తా ఆయన. పిల్లల మార్కుల లిస్టులు, టీసీలు అన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. భార్య జయలక్ష్మి గేటు వేసి వచ్చేసరికి కూతురు నాగమల్లేశ్వరి ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

మల్లి ఎథికల్ హ్యాకర్. దొంగలు పడకముందే తమ కంప్యూటర్లలో లొసుగులు కనిపెట్టమని సంస్థలే ఇలాంటివాళ్లను పెట్టుకుంటాయి. మల్లి ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తోంది. పోయిన నెల ఆ కంపెనీకి వచ్చిన పని నాయన కాలేజీదే. మొదటిసారి మల్లిని టీముకు పెద్దను చేశారు. నాయన అక్కడే ఉన్నాడని చెబితే పని ఇంకొకరికి ఇస్తారు. అందుకే చెప్పలేదు. ఇట్లా లొసుగులు పరీక్షిస్తున్న సంగతి సిబ్బందికి తెలియకూడదు కాబట్టి నాయనకూ చెప్పలేదు.

పదకొండు కాకముందే స్కూటర్ చప్పుడైంది. క్యారియర్ మూత తీయకుండా అట్లాగే ఉంది.

"ఏంది, అప్పుడే వచ్చినారు?" అంది జయలక్ష్మి.

ఆయన మంచినీళ్లు తాగి మెల్లగా చెప్పాడు. కరస్పాండెంటు అందరినీ హాల్లోకి పిలిచి ఒక ఫోన్ రికార్డింగు వినిపించాడట. రెండు వారాల కిందట ఒక ఆదివారం, అర్ధవీడు శ్రీశైలమ్మనంటూ, ఇక్కడే చదివానంటూ ఒక అమ్మాయి దశరథరామయ్యకు ఫోన్ చేసింది. విజయవాడలో ఉన్నానని, తెల్లారితే ఇంటర్వ్యూ అని, మార్కుల లిస్టు పోయిందని, గొర్రెలమ్మి చదివించిన నాయనకు మొహం ఎట్ల చూపించాలని ఏడ్చింది. ఆఫీసుకు తాళం. ఆయన కాలేజీ రికార్డులు తెరిచే తన పాస్‌వర్డ్ చెప్పి నువ్వే తీసుకోమన్నాడు. దాంతో పరీక్ష చేసేవాళ్లు కాలేజీ పిల్లలందరి వివరాల్లోకి దూరారు. 'ఏడవద్దు తల్లీ, నేనున్నా కదా' అని హాల్లో ఆయన గొంతు వినబడగానే వెనక ఎవరో నవ్వారట. రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ ఫోన్ చేసినవాళ్లకు తల్లీదండ్రీ లేరా అని జయలక్ష్మి తిట్టిపోసింది. మల్లి లేచి వచ్చి నాయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"ఫోన్ చేసింది మా టీములో అమ్మాయి. ఏం మాట్లాడాలో రాసిచ్చింది నేనే నాయనా."

అంతా చెప్పింది. సిబ్బంది మోసపోతారేమో చూడటానికి ఫోన్ చేయాల్సిన ఆరుగురిలో నాయన పేరూ ఉంది. తీసేస్తే అనుమానం వస్తుందని ఉంచింది. చిన్నప్పటి నుంచి అన్నాల దగ్గర ఆయన చెప్పుకున్న పిల్లల కష్టాలే ఏరి ఆ ఏడుపు రాసింది. రిపోర్టులో పేరు రాయలేదు గానీ రికార్డింగు జతచేసింది.

"కన్నబిడ్డవై ఉండి, నాయన మెత్తదనాన్ని వాడుకున్నావా?" అంది జయలక్ష్మి.

ఆయన భార్యను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మల్లిని అడిగాడు.

"అయితే ఆ పిల్ల లేదా?"

"లేదు నాయనా."

"రోజూ అనుకుంటానే ఉన్నా, ఉద్యోగం వచ్చిందో లేదోనని. వస్తే ఫోన్ చేసేదే కదా అని."

కళ్లజోడు తీసి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నాయన ఏడవడం మల్లి అంతవరకు చూడలేదు.

అక్కడి నుంచే ఆమె పైఅధికారికి ఫోన్ చేసి, తండ్రి సంగతి దాచానని ఒప్పుకుంది. ఒక్క గుమాస్తా పాస్‌వర్డుతో అన్నీ తెరుచుకోవడమే అసలు లోపమని, ఆ మనిషిని శిక్షించవద్దని కాలేజీకి రాయమని బతిమాలింది. అధికారి రాశాడు. విచారణ అయ్యేదాకా మల్లిని పనిలోంచి పక్కన పెట్టాడు. కాలేజీ మాత్రం మూడో రోజుకు, నిర్ణయం మారదని జవాబిచ్చింది.

ఆ సాయంత్రం దశరథరామయ్య ఫోన్ మోగింది. తర్లుపాడు నుంచి ఎవరో అమ్మాయి, టీసీ కోసం. ఆయన మొత్తం విన్నాడు. ఫోన్ చేత్తో మూసి కూతురి వైపు చూశాడు.

"ఈ పిల్ల ఉందా, మల్లీ?"

మల్లి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఫోన్ తీసుకుని పేరు, చదివిన సంవత్సరం, ఊళ్లో ఎవరమ్మాయో అడిగి, ఒక్కొక్కటే నాయనకు చెప్పింది. ఆయన గుర్తుపట్టి తలూపాడు.

"ఉంది నాయనా. మాట్లాడు."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నా, చెప్పు తల్లీ అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అంతసేపూ మల్లి ఆయన రెండో చెయ్యి పట్టుకునే ఉంది. ఆయన విడిపించుకోలేదు.