శ్రుతి చేరిందా అప్పా?

ఇడ్లీలు చల్లారిపోతున్నాయని భార్య కమలం రెండుసార్లు పిలిచినా జ్ఞానముత్తు పియానో ముందు నుంచి లేవలేదు. ఆదివారం సాయంత్రం ఎగ్మూరులో కచేరీ. వయొలిన్లూ చెల్లోలూ వెనక అలలా లేస్తుంటే ముందు తోడి రాగం నడవాలన్నది అతను ఏళ్ల తరబడి కన్న కల. పాడవలసింది కూతురు పెర్సిస్.

"ఆపు! మళ్లీ శ్రుతి జారింది."

"లేదప్పా. తంబురా ఒక్కసారి వినండి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. నువ్విక పాడొద్దులే. ఆదివారానికి వేరే ఎవరినైనా చూసుకుంటాను."

పెర్సిస్ తంబురాను చాప మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. కమలం మాత్రం ఊరుకోలేదు.

"నిన్న వయొలిన్ వాళ్లని తిట్టి పంపారు. మొన్న చర్చిలో ఆర్గన్ పాడైందన్నారు. ఇవాళ కన్నకూతురు. ఊరంతా అపశ్రుతేనా? మీరొక్కరే సరిగ్గా ఉన్నారా?"

"నా చెవినే అనుమానిస్తావా? ఈ ఇల్లు నిలబడిందే ఈ చెవి మీద!"

"అందుకేనండీ నా భయం."

ఆ మాట అతనికి కారం రాసినట్టయింది. సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీసి, మోకాలికి కొట్టి కుడి చెవికి ఆనించాడు. "ఇదీ స్వరమంటే!" అంటూనే ఎడమ చెవికి మార్చాడు. స్వరం పైకి జరిగింది. మళ్లీ కొట్టి చూశాడు. మళ్లీ అంతే. ఉన్నది ఒక్కటే ఉక్కుముక్క, చెవికొక స్వరం పలుకుతోంది.

జ్ఞానముత్తు కుర్చీలో కూలబడ్డాడు. గొంతు పోయినవాడు ఇంకొకరికి నేర్పుకుని బతుకుతాడు. చెవి పోయిన స్వరకర్త ఏం చేసుకుని బతకాలి? డాక్టరుకు చూపిద్దామని కమలం ఏదో చెబుతోంది గానీ అతని తలకెక్కడం లేదు. ఇన్నాళ్లూ ఏ తప్పూ లేని పిల్లని ఏడిపించానన్న దిగులు గుండెల్ని పిండేస్తోంది.

లోపలి గదిలో పెర్సిస్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఒక్కసారి పాడవా, తల్లీ?"

"మళ్లీ తిట్టడానికా?"

"తప్పు నీ గొంతులో లేదమ్మా. నా చెవిలో ఉంది."

పెర్సిస్ లేచి కూర్చుంది. గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న తల్లిని చూసింది. మెల్లగా తోడి ఎత్తుకుంది. ఇద్దరు ఆడపిల్లలు పేచీపడి తలోదారిన పాడుతున్నట్టు వినిపించింది అతనికి. వాళ్లలో తన కూతురెవరో తెలియలేదు. ఇక ఎన్నటికీ తెలియదేమో. కన్నీళ్లు ధార కడుతున్నా, చెయ్యి మాత్రం తొడ మీద తాళం వేస్తూనే ఉంది.

పాట ఆగింది. "శ్రుతి చేరిందా అప్పా?" భయంగా అడిగింది పెర్సిస్.

జన్మలో మొదటిసారి అతను తన చెవిని పక్కనపెట్టి కూతురిని నమ్మాడు.

"చేరిందమ్మా. ఆదివారం నువ్వే పాడాలి."