ఎత్తిన చేయి

ఆదివారం పొద్దున్నే ప్రెసిడెంటు అద్దం ముందు నిలబడి, కాగితం చేతపట్టుకుని, సంతాప సభలో మాట్లాడాల్సిన మాటలు వల్లెవేసుకుంటున్నాడు. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టింది. అప్పటికే రెండుసార్లు వేడిచేసి ఇచ్చిన ఆయన భార్య మూడోసారి ఆ గ్లాసు వంక చూసి, ఇక దాని ఖర్మ దానిది అనుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరై, సేవా సంఘం పెట్టి పదకొండేళ్లు. పాలవాడికీ ప్రెసిడెంటే, పోస్టుమాన్‌కీ ప్రెసిడెంటే, కోపం వచ్చినప్పుడు కట్టుకున్న భార్యకీ ప్రెసిడెంటు గారే. సంఘంలో ముప్పై నాలుగు మంది. బస్సు కండక్టరు, ఆసుపత్రి నర్సు, ప్లంబరు, ఎలక్ట్రీషియను, ఇద్దరు గుమస్తాలు, ఇలా ఎవరి బతుకు వాళ్లు బతుకుతూనే ఆదివారం వచ్చేసరికి నారింజరంగు చొక్కాలు తొడుక్కుని బయల్దేరేవాళ్లు. పూడిపోయిన కాలువలు తీశారు. మంచాన పడ్డవాళ్లను మూడంతస్తులు దింపి ఆసుపత్రికి మోశారు. దిక్కులేనివాళ్ల ఇళ్లకు వానలు రాకముందే కప్పులు బాగుచేశారు. అన్నీ మంచి పనులే, వంక పెట్టడానికేం లేదు.

వంకంతా ఆయన పద్ధతిలో ఉంది. శనివారం సాయంత్రం మీటింగులో పనేమిటో చెప్తాడు. అవతలివాళ్ల కష్టం కళ్లకు కట్టేలా చెప్తాడు. చివర్లో "ఎవరు?" అని అడిగి నోరు మూసుకుంటాడు. ఇక ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఒకరు దగ్గుతారు, ఒకరు చెప్పుల వంక చూసుకుంటారు. ఆ మౌనం భరించలేక ఎక్కడో ఓ చేయి లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. వేరే సంఘాలవాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు, తను ఎవరికీ పని చెప్పడని, ఎవరి చేయి వాళ్లే ఎత్తుతారని ఆయన మీసం మెలేసేవాడు.

ఇరవై రెండు రోజుల కిందట అలా లేచిన చేయి ఆయన చెల్లెలి మొగుడిది.

అతను దర్జీ. నోట్లో నాలుక లేని మనిషి. ఆ నారింజ చొక్కాలన్నీ కుట్టింది అతనే. ఎత్తంటే మాత్రం చచ్చేంత భయం. ఇంట్లో బల్బు మాడిపోతే చెల్లెలే స్టూలెక్కి మార్చేది. అతను కింద కూర్చుని స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకునేవాడు, తలెత్తి పైకి కూడా చూసేవాడు కాదు. భోజనాల దగ్గర ఇదో పెద్ద నవ్వులాట. అందరికంటే ఎక్కువ నవ్వేది ప్రెసిడెంటే. అలాంటి మనిషి ఓ ముసలి జంట ఇంటి కప్పు మీదకు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సిమెంటు రేకు విరిగింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పిల్లాపాపా లేని చెల్లెల్ని ఆయన తన ఇంటికి తెచ్చుకున్నాడు. పక్క గదిలో ఉంటోంది. ఉంటోందన్న మాటే గానీ, పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొస్తోంది. వదిన బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అవీ లేవు. చూస్తుండగానే మనిషి సగమైపోయింది. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదు, కానీ ఇంకో పది రోజులు ఇలాగే సాగితే తన చేతుల్లోనూ ఏమీ ఉండదని చెప్పి వెళ్లాడు.

"తనంతట తానుగా చేయెత్తిన ధీరుడు మా బావ" అని ప్రెసిడెంటు అద్దంతో అన్నాడు.

"ఆ ముక్క తీసేయండి" అంది భార్య వంటింట్లోంచి. "ధీరుడేంటండీ. పాపం, అన్నయ్యగారు మేడమెట్లు కూడా గోడ పట్టుకుని దిగేవారు."

ఆయన చిరాకుపడ్డాడు. సభలో ఇలాంటివే చెప్పాలన్నాడు. ఫొటో కింద పెట్టే ఇత్తడి ఫలకం మీద కూడా అవే అక్షరాలు చెక్కించామనీ, ఇప్పుడు మారిస్తే బాగుండదనీ విసుక్కున్నాడు.

పక్కగది తలుపు తెరుచుకుంది. చెల్లెలు గడప దగ్గరే ఆగిపోయింది. నలిగిన చీర, దువ్వని జుట్టు.

"నేను సభకి రాను అన్నయ్యా."

రాకపోతే ఎలాగమ్మా, ఫలకం నీ చేతికే ఇవ్వాలి, అంతమందీ నీ కోసమే వస్తున్నారు అని ఆయన డ్రిల్లు మాస్టారి గొంతుతో మొదలుపెట్టాడు. ఆవిడ అదేమీ వినిపించుకోలేదు.

"ఒక్కటి చెప్పు. ఆయన తనంతట తనే చేయెత్తాడా?"

ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లు ఏం చెప్పాడో ఇప్పుడూ అదే చెప్పాడు.

"తనంతట తనే తల్లీ. నేను ఎవరికీ పని చెప్పనని నీకు తెలుసు కదా."

ఆవిడ తలూపింది. మెల్లగా గోడకు జారబడి నేల మీద కూలబడింది. "అయితే నేనే చంపుకున్నాను" అంది.

వదిన చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చెల్లెలు నేల వంక చూస్తూ చెప్పుకొచ్చింది. ఆ శనివారం పొద్దున కుట్టుమిషను పైనున్న బల్బు పోయింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఎదురుగా కూర్చుని ఉంది. తను స్టూలెక్కుతూ, మా ఆయనకి గడప ఎక్కినా కళ్లు తిరుగుతాయని ఆవిడతో నవ్వింది. ఆవిడా నవ్వింది. అతను నవ్వలేదు. వచ్చి స్టూలు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం మీటింగుకి వెళ్తూ వస్తానని కూడా చెప్పలేదు.

"ఎప్పుడూ చెప్పకుండా గడప దాటడు. పరాయి మనిషి ముందు నవ్వాను కదా, నాకు చూపించాలనే ఎక్కాడు. నువ్వు చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. ఇంక మిగిలింది నేనే కదన్నయ్యా."

వదిన ఆవిడ తల తన గుండెలకు అదుముకుని, కాదమ్మా, నీ తప్పేం లేదమ్మా అంటూనే ఉంది. ఎంత చెప్తే ఏం లాభం? ఎందుకు కాదో చెప్పగలిగే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ మొహం కడుక్కునే వంకతో పెరట్లోకి తప్పుకున్నాడు.

కుళాయి తిప్పి, నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. చెబితే సంఘం పోతుంది. పదకొండేళ్ల మంచిపేరు పోతుంది. చెల్లెలు జన్మలో మొహం చూడదు. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పే వెళ్లాడు. ఇన్నాళ్లూ తన పరువు కాపాడుకుంటున్నాననుకున్నాడు గానీ, ఆ బరువంతా తెచ్చి చెల్లెలి నెత్తిన పెట్టాడని ఆయనకి అప్పుడే తెలిసొచ్చింది. కుళాయి కట్టేసి లోపలికి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి నేల మీద కూర్చోని మనిషి, వచ్చి చెల్లెలి ఎదురుగా చతికిలబడ్డాడు.

"నీకు అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు. "ఆ రోజు ఇద్దరు కావాలన్నాను. ఎలక్ట్రీషియను చేయెత్తాడు. రెండో చేయి లేవలేదు. ప్రెసిడెంటు బావగారికి ఎప్పుడూ నీడపట్టు పనేనని వెనక ఎవరో గొణిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. బావ వంక చూశాను."

"చూస్తే?"

"తల అడ్డంగా ఊపాడు. చాలా చిన్నగా, నాకొక్కడికే కనిపించేట్టు. వద్దు బావా అన్నట్టు. నేను చూపు తిప్పుకోలేదు. చేయి లేచేదాకా తిప్పుకోలేదమ్మా. లేచాక మొదటి చప్పట్లు నావే."

వదిన గరిటె కింద పెట్టేసింది.

"ఆయన వద్దన్నాడా" అంది చెల్లెలు.

"అన్నాడు."

"భయమని నీకు తెలుసు."

"తెలుసు."

ఆవిడ లేచి రెండు పిడికిళ్లతో అన్న గుండెల మీద కొట్టింది. తిండి లేని చేతులు, దెబ్బల్లో బలం లేదు. ఆయన కదల్లేదు. కొట్టి కొట్టి, అక్కడే ఒరిగిపోయి, ఇరవై ఒక్క రోజుల ఏడుపు ఏడ్చింది. వదిన ఆపబోతే ప్రెసిడెంటు వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాడు.

ఎప్పటికో తేరుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇది అక్కడ చెప్తావా?"

"చెప్తాను."

"అయితే వస్తాను."

సంఘం హాల్లో బావ ఫొటో ముందు నిలబడి ఆయన కాగితం జేబులోంచి తీయలేదు. ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. బావ తల అడ్డంగా ఊపడం కూడా దాచలేదు. ఇక తను ప్రెసిడెంటుగా ఉండననీ, ఉండకూడదనీ అన్నాడు. తర్వాత అదే ఫ్యాను చప్పుడు, అదే మౌనం. పదకొండేళ్లుగా వాళ్ల మీద వదిలిన ఆ మౌనం ఎలా ఉంటుందో ఆయనకి మొదటిసారి అర్థమైంది. ఎలక్ట్రీషియను లేచి, ఆయన వంక చూడకుండానే బయటికి వెళ్లిపోయాడు. ఆ నిచ్చెన కింద పట్టుకున్నది అతనే.

కాసేపటికి కండక్టరు నిలబడ్డాడు. రెండేళ్లుగా నడుం పట్టేస్తోందని, మంచాలు మోయొద్దని డాక్టరు చెప్పాడని, ఈ హాల్లో నోరు విప్పి ఆ మాట చెప్పలేక మోస్తూనే ఉన్నానని అన్నాడు. నర్సు, డ్యూటీ దిగి నిద్ర లేకుండానే వస్తున్నానంది. తర్వాత గుమస్తా. ఒక్కొక్కరూ లేచి చేతకానివి చెప్పుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ముసలివాళ్ల కప్పు ఇంకా సగంలోనే ఉందని ప్లంబరు గుర్తుచేశాడు. పని తెలిసిన మేస్త్రీని పెడదామని, కింద నుంచి సామాను అందించడానికి మాత్రం, అదీ ఒంట్లో ఓపికున్నవాళ్లే రండని అన్నాడు.

ఫలకం చెల్లెలి చేతికి ఇచ్చారు. దాని మీది అక్షరాలు చదువుకుని, ఆవిడ దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఆయన ధీరుడు కాదు. ఆయనకి భయం. భయమని చెప్పాడు కూడా, ఎవరూ వినలేదు. రాయిస్తే అది రాయించండి."

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "వదినా, ఆకలేస్తోంది" అంది.

ఆ మాటకి వదిన కాళ్లు నేల మీద నిలవలేదు. ఉన్నవన్నీ వేడిచేసి వడ్డించింది. చెల్లెలు తల వంచుకుని గబగబా తింటోంది. ప్రెసిడెంటు లోపలికి రావడానికి మొహం చెల్లక వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడకి పొలమారింది.

"మంచినీళ్లు" అంది తలెత్తకుండా.

ఆయన గ్లాసు నింపి తెచ్చాడు. నీళ్లు తాగి, ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నేను నిన్ను క్షమించలేదు అన్నయ్యా" అంది. "కూర్చో. నువ్వూ పొద్దున్నించి ఏమీ తినలేదు."

ఆయన కూర్చున్నాడు. భార్య కంచం పెట్టింది. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు.