గొంతు ఆగితే చెయ్యి ఆగాలి

మా ఇద్దరి పరిచయం గొడవతో మొదలైంది. ఆ గొడవలో తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మీకు తీర్పు చెప్పే శ్రమ తప్పుతుంది.

నేను టవర్ క్రేన్ నడుపుతాను. పన్నెండు అంతస్తుల ఎత్తున, ఒక్క మనిషి పట్టే అద్దాల గదిలో కూర్చుంటాను. లోడ్ భవనానికి అవతలి పక్క దిగుతుంటే నాకేమీ కనబడదు. అక్కడ నిలబడ్డ సిగ్నల్ మనిషి వాకీటాకీలో "కిందికి, కిందికి, కిందికి" అని ఆపకుండా చెబుతూ ఉంటే, ఆ మాట మీద దింపుతాను. మాట ఆగిందంటే, కారణం ఏదైనా సరే, క్రేన్ ఆగిపోవాలి. అది రూలు.

ఆ రోజు కొత్తగా చేరిన అమ్మాయి గొంతు సగంలో ఆగిపోయింది. ఇంకో రెండు మీటర్లేగా అని నా అంచనా ప్రకారం దింపేశాను. కిటికీ అద్దాల కట్ట గోడ మూలకి తగిలి ఒక అద్దం పగిలింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

భోజనానికి దిగేసరికి ఆమె నిచ్చెన మొదట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు ఆపలేదు?"

"మీరెందుకు మాట్లాడలేదు?"

"తుమ్ము వచ్చింది."

"తుమ్ముకి ఎవరైనా క్రేన్ ఆపుతారా అండీ?"

"తుమ్ముకి కాదు, మాట ఆగినందుకు. నేను తుమ్మానో, పడిపోయానో, లోడ్ కిందికి ఎవరైనా వచ్చారో పైనున్న మీకేం తెలుసు? నా గొంతు ఆగితే మీ చెయ్యి ఆగాలి."

"నాకు ఆరేళ్ల అనుభవం ఉంది."

"అదే మీతో వచ్చిన చిక్కు. కొత్తవాళ్లయితే భయపడి ఆపేవాళ్లు."

ఆ సైటుకి సూపర్‌వైజరు మా సొంత బాబాయే. ఇద్దరికీ చెరిసగం పెట్టాల్సిన చివాట్లు మొత్తం నాకే పెట్టాడు.

తర్వాత ఎనిమిది నెలలు ఆ గొంతు నా చెవిలోనే ఉంది. వాకీటాకీలో నన్ను 'పైన' అని, తనని 'కింద' అని పిలుచుకునేవాళ్లం. రోజూ మొదటి లోడ్ ఎత్తే ముందు ఆమె కళ్లు మూసుకుని నిలబడేది. అంత ఎత్తు నుంచి నాకు పసుపు హెల్మెట్ వంగడం ఒక్కటే కనబడేది.

"కింద, దేవుణ్ణి ఏం అడుగుతున్నారు?"

"అడగడం అయిపోయింది పైన. ఇప్పుడు వింటున్నాను."

"ఏమంటున్నాడు?"

"పని వేళ కబుర్లు వద్దంటున్నాడు."

నాకు దేవుడి మీద కోపమూ లేదు, పెద్ద పరిచయమూ లేదు. ఆమె మీద మాత్రం ప్రాణం పెట్టేసుకున్నాను. వాన పడి క్రేన్ ఆపేసిన ఒక మధ్యాహ్నం, రేకుల షెడ్డులో టీ తాగుతూ ఆ మాట ఆమెతో అనేశాను. పెళ్లి చేసుకుందామా అని కూడా అడిగాను.

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "కొండల అవతల మన కంపెనీ ఆసుపత్రి కడుతోంది కదా. నన్ను అక్కడికి వెళ్లమని మాట వచ్చింది."

"హెడ్డాఫీసు నుంచా?"

"ప్రార్థనలో."

"అక్కడ మీకేం పని?"

"తెలియదు."

"ఎన్నాళ్లు?"

"అదీ తెలియదు."

"ఏమీ తెలియకుండా ఎలా వెళ్తారండీ?"

"మీరు రోజూ కనబడని చోటికి లోడ్ దింపుతారు. నేను అంతా ఒకేసారి చెబుతున్నానా? కిందికి అంటే కిందికి దింపుతారు. తర్వాతి మాట తర్వాత. నాకూ అంతే."

"మరి నా సంగతి?"

"మీరంటే నాకు ఇష్టమే," అంది సూటిగా. "కానీ మన విషయంలో ఇంకా ఏ మాటా రాలేదు. రానప్పుడు ఆగాలి కదా."

ఇష్టమే అన్నాక ఆగడం నా వల్ల కాలేదు. ఆమె బదిలీ కాగితం సంతకం కోసం బాబాయ్ దగ్గరికి వచ్చింది. "కొన్నాళ్లు తొక్కిపెట్టు బాబాయ్," అన్నాను. నన్ను భుజాన వేసుకుని పెంచిన మనిషి, కారణం అడగకుండా సొరుగులో పడేశాడు.

రెండు వారాలు గడిచాయి. వాకీటాకీలో ఆమె మాటలు అవే, హుషారు మాత్రం తగ్గింది. ఒకరోజు భోజనాల దగ్గర తనే చెప్పింది.

"నేను తప్పుగా విన్నానేమో. వెళ్లమన్నవాడు దారి తెరవాలి కదా. నాన్న పోయినప్పటి నుంచి ప్రార్థనలో వచ్చే మాటే పట్టుకుని బతుకుతున్నాను. అదంతా నా ఊహేమో అని మొదటిసారి అనిపిస్తోంది."

ఆమెని నా దగ్గరే ఉంచుకోవాలనుకున్నాను. అందుకు ఆమె నమ్మకాన్నే విరిచేస్తున్నానని అప్పుడు తెలిసింది.

క్యాబిన్ ఎక్కి కూర్చున్నాను. ప్రార్థన ఎలా చేస్తారో నాకు రాదు. ఆమె చెప్పినదే గుర్తు చేసుకుని, "వింటున్నాను," అన్నాను. బటన్ మీద వేలున్న సంగతి చూసుకోలేదు.

"ఏం వింటున్నావురా, నేనేం అనలేదే," అన్నాడు బాబాయ్ వాకీటాకీలో.

ఆకాశం నుంచి ఏ గొంతూ వినబడలేదు. సొరుగు గుర్తొచ్చింది. వద్దనుకున్న కొద్దీ అదే గుర్తొచ్చింది. చెబితే ఆమె వెళ్లిపోతుంది, నా ముఖం కూడా చూడదు. ఆ తర్వాత ఏమవుతుందో నాకేమీ కనబడలేదు. భయపడుతూనే నిచ్చెన దిగి, వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను.

ఆమె హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. "మళ్లీ అదే చేశారు. మాట రాకుండానే చెయ్యి కదిపారు."

"అవును."

"నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?"

"చెప్పమన్నట్టు అనిపించింది."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మూడో రోజున సంతకమైన కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

ఫోన్ చెయ్యకూడదని నిశ్చయించుకున్నాను. రోజుకి పదిసార్లు ఆమె నంబరు తెరిచి మూసేవాణ్ణి. పొద్దున్నే మొదటి లోడ్ ఎత్తే ముందు కళ్లు మూసుకుని కాసేపు ఊరికే కూర్చునేవాణ్ణి. మొదట్లో ఆమె కోసం కూర్చున్నాను. తర్వాత తర్వాత నాకే కావాలనిపించింది.

అయిదు నెలలకి బాబాయ్ వచ్చి, "బట్టలు సర్దుకో. ఆసుపత్రి సైటుకి ఇద్దరం వెళ్తున్నాం," అన్నాడు. "కప్పు మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించాలట. నీకు బొత్తిగా కనబడని చోటు. ఆగాల్సినప్పుడు ఆగే ఆపరేటర్ కావాలని ఆ అమ్మాయి నిన్నే అడిగిందట. పొరపాటు పడిందేమోనని రెండుసార్లు కనుక్కున్నాను."

మేం చేరేసరికి ఆమె కప్పు మీద ఉంది. నేను క్యాబిన్ ఎక్కాను. పలకరింపులు లేవు. పసుపు హెల్మెట్ వంగి లేచింది. "పైన, ఎత్తండి," అంది.

ఆమె కప్పు మీది లిఫ్టు గది అవతలికి నడిచింది. ట్యాంకు కూడా దాని వెనక్కి వెళ్లి నాకు కనబడకుండా పోయింది. "కిందికి, కిందికి, కిం..." అని గొంతు ఆగింది.

మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నిమిషం గడిచింది. అయిదు నిమిషాలు గడిచాయి. నేల మీద ఇంజనీరు దింపెయ్యమని చేతులు ఊపుతున్నాడు. నాకు చెప్పాల్సింది ఆయన కాదు. అలాగే కూర్చున్నాను.

"పైన, వింటున్నారా? బ్యాటరీ పోయింది. ఇంకోటి తేవడానికి స్టోరుకి పరిగెత్తాను. ట్యాంకు కదిలిందా?"

"లేదు."

"ఎంతసేపటి నుంచి ఆగి ఉన్నారు?"

"అయిదు నెలల నుంచి."

అటువైపు ఏ చప్పుడూ లేదు.

"కింద, మాట్లాడండి. మీరు మాట్లాడకపోతే నేను కదపలేను."

"మాట్లాడతాను," అంది. "నన్ను ఇక్కడికి ఎందుకు పంపాడో ఇప్పటికీ తెలియదు. మీ గురించి అడిగినదానికి మాత్రం నిన్న పొద్దున మాట వచ్చింది."

"ఏమని?"

"ఇక ఆగక్కర్లేదని."

మధ్యలో బాబాయ్ గొంతు దూరింది. "సైటంతా వింటోంది. మీ అమ్మగారితో నేను మాట్లాడతానమ్మా. ముందు ఆ ట్యాంకు దించండి."

ఆమె నవ్వు వినబడింది. ఆ వెంటనే మళ్లీ పని గొంతు. "కిందికి, కిందికి, కొంచెం ఎడమకి, కిందికి..."

నాకు ట్యాంకూ కనబడలేదు, ఆమె కూడా కనబడలేదు. ఆమె చెబుతూ ఉంది, నేను దింపుతూ ఉన్నాను.