ఏడు గ్రూపులు మాయం

ఎవాంజెలిన్‌కు తల్లి సువార్తమ్మతో ఒకటే బాధ. కూతురిది తప్పులు పట్టే ఉద్యోగమని చందానగర్ అంతా చాటింది. అప్పటినుంచి ఎవరూ వాళ్ళను భోజనానికి పిలవడం లేదు.

1999 మార్చి, బుధవారం, ఉదయం 11.20. హైటెక్ సిటీలో నాలుగో అంతస్తు.

ఒక ఆసుపత్రి కోసం ఆ ఆఫీసు తయారుచేసిన రక్తదాతల వెబ్ పేజీలో సోమవారం నుంచి ఏడు గ్రూపులు మాయమయ్యాయి. ఎనిమిదింటిలో మొదటిదొక్కటే మిగిలింది.

నిందితుడు సిద్ధం. పేజీ రాసిన ప్రేమ్ కుమార్. ప్రమోషన్ రాలేదన్న అక్కసుతో దాతల పేర్లు చెరిపేశాడని టీమ్ లీడర్ రామబ్రహ్మం తేల్చేశారు. ఒంటిగంటలోపు తప్పు ఒప్పుకుని సంతకం పెడితే, ఇంకోచోట ఉద్యోగానికి అవసరమైన రిలీవింగ్ లెటర్ ఇస్తారట. లేకపోతే అదీ లేదు.

టెస్టింగ్ చూసే ఎవాంజెలిన్ అతన్ని మెట్ల దగ్గర ఆపింది.

"చెరిపావా?"

"నేనెందుకు చెరుపుత అక్కా? సోమవారం ఆఫీసుకే రాలే. జరమొచ్చి మూసాపేటల పన్నుకున్న."

"మరి ఎవరు ముట్టుకున్నారు?"

"నాకేం ఎరుక. ఇగ అయిపోయింది, వదిలెయ్యి."

ఆమె వదలలేదు. ముందు దాతల జాబితా తెరిచింది. 212 పేర్లు. ఒక్కటీ పోలేదు. తర్వాత పేజీ చూసింది. శనివారం 31 కేబీ. ఇప్పుడు 22. చివరి మార్పు సోమవారం 4.10కి.

చెరిపితే జాబితా తగ్గాలి. ఇక్కడ చిక్కిపోయింది పేజీ.

పాత ప్రింటవుట్ పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చింది. కారణం దొరికేసరికి 1.25.

ఆమె కాన్ఫరెన్స్ రూముకు వెళ్ళేసరికి ప్రేమ్ కుమార్ సంతకం పెట్టేశాడు. ఆ కాగితం ఆసుపత్రికి ఫ్యాక్స్ కూడా అయిపోయింది.

"సోమవారం పేజీని మార్చిందెవరండీ?" అంది ఎవాంజెలిన్.

తానేనన్నారు రామబ్రహ్మం. మోడెమ్ మీద తెరుచుకోవడం ఆలస్యమవుతోందని పేజీ బరువు తగ్గించారట. కోడ్‌లో లెక్కలకు పెట్టిన పొడుగు పేర్లన్నీ ఒక్కో అక్షరం చేశారు. వాటి ముందుండే 'వార్' (var) అనే మాటలు దండగని తీసేశారు.

"అవి లేకపోయినా నడుస్తుందండి," అన్నారు.

"నడుస్తుంది సార్. ఎటు నడుస్తుందో చూడండి."

గ్రూపులు లెక్కపెట్టే ఫంక్షన్‌లో, అంటే ఆ పని చేసే కోడ్ ముక్కలో, లెక్క పేరు 'ఐ'. దాతలను లెక్కపెట్టే ఫంక్షన్‌లోనూ 'ఐ'. ముందు వార్ ఉంటే ఎవరి ఐ వారిది. తీసేస్తే పేజీ అంతటికీ ఒకటే ఐ. మొదటి గ్రూపు కోసం దాతలందరినీ చూసి వచ్చేసరికి అది 212 అయింది. ఎనిమిది ఎప్పుడో దాటిపోయింది గనక గ్రూపుల లెక్క అక్కడే ఆగింది.

పంపిన ఫ్యాక్స్ వెనక్కి రాదన్నాడు హెచ్.ఆర్. విభాగం చూసే రంగనాథ్. నేరం ఒప్పుకున్నవాణ్ణి మళ్ళీ తీసుకుంటే క్లయింటుకు ఏం చెప్పాలని అడిగాడు.

ప్రేమ్ కుమార్ ఐడీ కార్డు బల్ల మీద పెట్టి, బ్యాగు భుజాన వేసుకున్నాడు.

రామబ్రహ్మం లేచి తలుపు దాకా వచ్చారు.

"తప్పు నాదేనయ్యా. పేజీ పాడుచేసిందీ నేనే, నీ మీద వేసిందీ నేనే."