రెబెకా రాజీనామా

నర్సులు నిలవరు. శామ్సన్ దృష్టిలో అది వాదన కాదు, రుజువైన సంగతి. రాయపూర్ ఆసుపత్రిలో నర్సులకు డ్యూటీ చార్టు వేస్తున్న ఆరేళ్లలో, పని నేర్చుకున్నవాళ్లంతా వెళ్లిపోయారు. కట్టుకున్న మనిషి కూడా మూడేళ్లకే జ్వరమొచ్చి పోయింది. ఉండమంటే ఎవరూ ఉండరని అతను తేల్చేసుకున్నాడు.

అందుకే పైవాళ్లు కొత్త ఫారం పంపితే ఒళ్లు మండింది. ప్రతి నర్సునీ కూర్చోబెట్టి, ఇక్కడే ఉండాలంటే ఏం కావాలో అడిగి రాయాలట.

జోరువాన పడుతున్న మధ్యాహ్నం రెబెకా వంతు వచ్చింది. రైల్వే గార్డు పాల్ గారమ్మాయి. పుట్టిందీ చదివిందీ రాయపూర్‌లోనే. తెలుగు ఇంట్లో నేర్చింది, మిగతాదంతా హిందీయే. ఐసీయూలో ఆమె ఉందంటే మిగతావాళ్లకు ధైర్యం.

"సిస్టర్, మీరు ఇక్కడే ఉండాలంటే ఏం కావాలి?"

"ముందు సిస్టర్ అనడం మానండి."

'పిలుపు మార్చాలి' అని ఫారంలో రాసుకున్నాడు శామ్సన్.

"అరే, అదీ రాస్తారా!" రెబెకా పకపకా నవ్వింది. "ఇంతకీ ఆసుపత్రి అడుగుతోందా, మీరు అడుగుతున్నారా?"

శామ్సన్ పెన్నుకు మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"నేనే. ఆసుపత్రిలో కాదు, మా ఇంట్లో ఉంటారా అని."

రెబెకా నవ్వు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"డాడీని అడగాలి. రేపు పొద్దున రాజీనామా మీ చేతిలో పెడతా. బస్, అంతే."

తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయింది.

రాజీనామా! ఒక్కమాట అడిగిన పాపానికి ఉద్యోగమే వదిలేస్తుందా? మరి వెళ్తూ ఆ చూపేమిటి? కోపంలో చెవులు ఎర్రబడతాయా? శామ్సన్‌కు ఏమీ పాలుపోలేదు. తెల్లారాక చార్టులో ఆమె పేరు కొట్టేసి, 'ఖాళీ' అని రాసి గోడకు అంటించాడు.

పావుగంటలో నలుగురు నర్సులు గదిలో నిలబడ్డారు. "రెబెకా దీదీ వెళ్తే మేమూ వెళ్తాం."

వాళ్లను తోసుకుంటూ రెబెకా వచ్చింది, చేతిలో మడిచిన కాగితంతో.

"నన్ను తీసేశారా? నిన్న ఉండమని, ఇవాళ పొమ్మంటారా?"

"రాజీనామా ఇస్తానన్నది మీరే కదా!"

"తెచ్చాను కదా! డాడీ సంతకం కూడా పెట్టారు!"

ఉద్యోగం మానడానికి తండ్రి సంతకమెందుకు? అయోమయంగా విప్పాడు. హిందీలో ఒక్కటే వాక్యం: 'మై రాజీ హూఁ.' కింద పాల్ గారి సంతకం, పక్కనే 'హమ్ భీ.'

వెనకనుంచి తొంగిచూసిన మేట్రన్ దీనమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓరి నీ తెలుగు తగలెయ్య! 'నాకిష్టమే' అని పిల్ల రాసింది, 'మాకూ' అని తండ్రి రాశాడు. ఇక్కడ రాజీనామా అంటే ఒప్పుకోలు కాగితం నాయనా. ఉద్యోగం మానేస్తే ఇచ్చేది ఇస్తీఫా!"

ఇస్తీఫా అతనికి తెలియక కాదు. ఆమె తెలుగులో చెప్పింది కదా అని తెలుగులోనే విన్నాడు. శామ్సన్ గోడ దగ్గరికి వెళ్లి, 'ఖాళీ' కొట్టేసి పేరు రాశాడు.

"రెబెకా," అన్నాడు మొదటిసారి. "ఉండిపో."

"ఉంటానని రాసిచ్చాగా. సెలవు రాయండి. ఇద్దరికీ."

"ఏమయ్యా, నర్సులు నిలవరన్నావు?" దీనమ్మ వదల్లేదు.

"ఆ మాట అయిపోయింది. ఇక దాని గురించి మాట్లాడను."

ఇప్పటికీ మాట్లాడడు. అడిగితే లేచి వెళ్లిపోతాడు.