చెలిమెలోళ్ళ తాత

మా ఇంటిపేరు చెలిమెల. నార్కట్‌పల్లి అవతల, మా ఊరి పడమటి చెల్క పొలంలో పెద్ద బావి ఉంది. కరువులో మా ముత్తాత అక్కడ నీటిఊటకు చెలిమె గుంట తీసి, దాన్నే బావిగా తవ్వి ఊరి గొంతు తడిపాడని, అందుకే ఆ పేరని మా నాయిన చెప్పేవాడు. పక్కింటి గుర్వయ్య మాత్రం ఒప్పుకోడు.

"తవ్వింది మా ముత్తాత. గా తవ్వినోడు మళ్ళ కనవడలే. పేరు మీరు పెట్టుకున్నరు" అనేవాడు.

తొంభై ఏడు ఎండాకాలం బావి ఎండిపోయింది. పూడిక తీస్తుంటే ఒక మనిషి బొక్కలు, పుర్రెతో సహా, బయటపడ్డాయి. మావాడే అన్నాను నేను. మావాడే అన్నాడు గుర్వయ్య.

పట్నం నుంచి ఒక డాక్టర్ ఇంటిపేర్ల పుట్టుక వెతుకుతూ ఊళ్ళు తిరుగుతున్నాడు. డి.ఎన్.ఏ. పరీక్ష అట. తండ్రి నుంచి కొడుక్కి దిగే గుర్తు చచ్చినవాడి పంట్లో కూడా నిలిచి ఉంటుందన్నాడు. పుర్రెలోంచి ఒక పన్ను, మా ఇద్దరి రక్తం తీసుకున్నాడు.

"సూది చూడంగనే వణుకుతున్నవు లింగన్నా. గిది బావి తవ్వినోళ్ళ రక్తమేనా?" అని నవ్వాడు గుర్వయ్య.

దసరా దాటాక ఉత్తరం వచ్చింది. మా ఇద్దరిలో అక్షరాలు వచ్చింది నాకే. నలభై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో లాంతరు ముందు కూర్చుని నేర్చుకున్నాను. గుర్వయ్య మా అరుగు మీద కూర్చున్నాడు.

"జర సదువే."

పన్ను గుర్వయ్య వంశానిది. లింగయ్యతో సంబంధం లేదు. ఉత్తరంలో ఉన్నది అదే. లోలోపల రెండుసార్లు చదువుకున్నాను.

"చెలిమెలోళ్ళదే" అని పైకి చదివాను.

గుర్వయ్య అరుగు దిగాడు. "కాయితం అబద్ధమాడదు గదా" అని తువ్వాల భుజాన వేసుకుని పోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బావిగడ్డ మీద బొక్కలు పూడ్చాం. జొన్నరొట్టె, కల్లు పెట్టి, నా కొడుకు సైదులు పక్కన నిలబడగా గొంతెత్తి పిలిచాను.

"తాతా! చెలిమెలోళ్ళ తాతా! మన ఇంటికి రా. మాతోటి తిను."

గాలి ఆగిపోయింది. ఎండిన బావిలోంచి పచ్చి ఒండ్రు వాసన లేచింది. ఎక్కడో... ఎవరో నములుతున్న చప్పుడు.

"వచ్చిన, మనుమడా."

"ఏమన్నవురా సైదులూ?"

"నేనేమనలే బాపు."

ఇంటికొచ్చి రొట్టె కొరికాను. కటుక్కుమంది. చిన్నప్పుడు ఎద్దు తన్ని సగం విరిగిన ముందు పన్ను ఊడి చేతిలో పడింది. నెత్తురు లేదు. గూట్లో పెట్టాను. తెల్లారేసరికి అక్కడ లేదు. నాలుకతో తడుముకుంటే, ఊడినచోట మరో పన్ను. చల్లగా... ఒండ్రు రుచితో.

ఆ తర్వాత చౌక డిపోలో పేరడిగారు. "చెలిమెల లింగయ్య" అన్నాను. ఒకటి ఊడింది. బస్సులో ఎవరో అడిగారు. ఇంకొకటి. ఊడింది ఊడినట్టే మాయం. ఆ జాగాలో తెల్లారికి చల్లటి పన్ను.

ఆకలి మొదలైంది. ఐదు రొట్టెలు నమిలినా గొంతులోకి ఏమీ దిగదు. నమిలింది ఎటో పోతుంది. చొక్కా వదులైంది. పక్కటెముకలు తేలాయి.

పెట్టెలో ఉత్తరం సైదులు కంటబడింది.

"గుర్వయ్యకు నిజం చెప్పు బాపు. పేరు వాళ్ళకిచ్చెయ్యి."

"నోట్ల ఒక్క పన్ను మిగిలినా పేరు నాదే."

"అది నీ పన్నేనా?" అన్నాడు వాడు.

రాత్రి నా సొంత పండ్లలో చివరిది కూడా ఊడింది.

ఈ పొద్దు వాడు గడ్డపార పట్టుకుని బావికాడికి నడిచాడు. వద్దంటూ వెంట పోయాను. మిట్టమధ్యాహ్నం. పిట్ట అరుపు లేదు. మన్ను తీశాడు. పుర్రె తీశాడు.

దవడ నిండా పండ్లున్నాయి. ముందుది సగం విరిగి ఉంది.

ఆ విరుగు నాకు తెలుసు.

పండ్ల సందులో జొన్నరొట్టె తునకలు. ఇంకా తడిగా... పొద్దున నేను తిన్నవే.

"సైదులూ, కింద పెట్టురా" అన్నాను.

వాడు నా దిక్కు చూడలేదు. పుర్రెను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. తువ్వాలతో దాని మూతి తుడిచాడు. దాన్నే మెల్లగా అడిగాడు.

"ఇంక తింటవా, బాపు?"